మూత లేని పెట్టె

పిల్లలూ, బూట్లు కొన్నప్పుడు దుకాణంవారు ఇచ్చే అట్టపెట్టె మీ ఇంట్లో ఒకటి ఉండే ఉంటుంది. దానికి మూత పెట్టి, మూత అంచులన్నీ జిగురు కాగితంతో అంటించండి. రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టి చూడండి. పెట్టె మొండికేస్తుంది. ఇప్పుడు జిగురు కాగితం ఊడదీసి, మూత తీసేసి, మళ్ళీ మెలిపెట్టండి. ఈసారి ఒక మూల పైకి లేస్తుంది, ఒక మూల కిందికి పోతుంది, పెట్టె మొత్తం వంకరపోతుంది. అట్ట అదే, చేతులూ అవే. పోయినది మూత ఒక్కటే.

పెళ్ళి ఊరేగింపుల్లో టాపు లేని కార్లు చూస్తుంటారు గదా? అవి మూత తీసిన పెట్టెలే. మరి వాటి బలం ఎక్కడ ఉన్నట్టు? ఏలూరులో ఒక పాత కారును ఇంటిదగ్గరే బాగుచేస్తుంటే నేను తరచు వెళ్ళి చూసేవాణ్ణి. ఆ సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

మొదటి రోజుల్లో కార్లన్నీ ఇంచుమించు టాపు లేనివే. గుర్రపుబండికి గుర్రాన్ని విప్పేసి ఇంజను తగిలించినట్టుండేవి. అమెరికాలో ఫోర్డు కంపెనీ 1908లో మొదలుపెట్టిన 'మోడల్ టి' కార్లు కూడా మొదటి ఏళ్ళలో చాలావరకు గుడ్డటాపువే. వాన వస్తే టాపు ఎత్తుకోవటం, వెలిస్తే మడిచి వెనక్కు పెట్టుకోవటం. 1920 దాటాక ఇనుపకప్పు కార్లు చౌక అయ్యాయి. అప్పటినుంచి గుడ్డటాపు కారు షోకు కారు అయింది. ఫ్రాన్సులో జార్జి పోలాన్ అనే పళ్ళడాక్టరు, ఇనుపకప్పే వెనక డిక్కీలోకి జారిపోయే ఉపాయం కనిపెట్టాడు. ప్యూజో కంపెనీవారు 1934లో అట్లాంటి కార్లు చేశారు. పళ్ళు కట్టేవాడికి కార్ల గొడవ ఎందుకని అప్పుడెవరూ అడగలేదు కాబోలు!

నేను చూసిన కారు పేరు హెరాల్డు. ఇంగ్లండులో 1959లో 'ట్రయంఫ్ హెరాల్డ్' పేరుతో వచ్చింది. దీని రూపం గీసినవాడు ఇటలీ దేశస్థుడు మికెలోటి. మన దేశంలో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు 1961 నుంచి 'స్టాండర్డ్ హెరాల్డ్' అనే పేరుతో తయారుచేశారు. మొదటి హెరాల్డు ఇంజను చిన్నది, 948 ఘన సెంటీమీటర్లు. ముందుభాగమంతా మడ్‌గార్డులతో సహా బందులమీద పైకి లేస్తుంది. ముందుచక్రంమీద కూచుని ఇంజను పని చేసుకోవచ్చు!

ఇంకొక విశేషం ఉంది. హెరాల్డు ఒళ్ళంతా ఒకే ముక్క కాదు. ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. ఆఖరికి కప్పు కూడా బోల్టులమీదనే నిలుస్తుంది. అది విప్పితే టాపు లేని కారు తయారు. కప్పు తీసినా కారు ఎట్లా నిలుస్తుందంటారా? అడుగున విడిగా ఇనుప ఛాసిస్ ఉంది. కొల్లేటిలో రెండు తాటిదోనెలను పక్కపక్కన కట్టి సంగడి చేస్తారు, చూశారా? ఛాసిస్ కూడా అట్లాంటిదే. నడుమ రెండు పొడుగాటి ఇనుప కమ్ములు, లోపల బోలుగా, పెట్టెల్లాగా ఉంటాయి. వాటినుంచి రెండు పక్కలకూ చేతులు చాచినట్టు చిన్న కమ్ములు ఉంటాయి. ఒళ్ళంతా ఆ చేతులమీద కూచుంటుంది.

ఈనాటి కార్లలో చాలావాటికి విడిగా ఛాసిస్ లేదు. ఆ కారు ఒళ్ళే పెట్టె, ఆ పెట్టే బలం. అందుచేత కంపెనీవారు టాపు లేని కారు చెయ్యాలంటే పోయిన బలాన్ని అడుగుభాగంలో చేర్చాలి. మూత తీసేస్తే పెట్టె తేలిక కావాలి గదా? కాని టాపు లేని కారు, అదే రకం టాపు ఉన్న కారుకన్న సాధారణంగా బరువెక్కువ! ఇదేమీ తెలియక, పెళ్ళిళ్ళకు పనికొస్తుందని ఈకాలపు కార్ల కప్పు కోయించేవారు ఉన్నారు. అది ప్రమాదం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా దానికి ఒప్పుకోదు.

ఇక ఏలూరు కారు సంగతి. నా పాత విద్యార్థి ఒకడి తాతగారికి తాడేపల్లిగూడెంలో బియ్యంమిల్లు ఉండేది. ఆయన 1964లో రెండు తలుపుల హెరాల్డు కొని, సరదాకొద్దీ కప్పు విప్పించి గుడ్డటాపు వేయించుకున్నారు. కొత్తచట్టం రావటానికి ఎన్నో ఏళ్ళ ముందుమాట అది. విప్పిన కప్పును పారెయ్యక మిల్లు అటకమీద భద్రం చేశారు. ఆయన పోయాక కారు మిల్లు షెడ్డులో ఊకబస్తాల వెనక 30 ఏళ్ళకు పైగా పడివుంది. ఎలుకలు వైర్లు కొరికేశాయి, సీట్లలోని కొబ్బరిపీచు లాగి పిల్లలకు పక్కలు వేసుకున్నాయి. షెడ్డు పడగొట్టేటప్పుడు కారు పాత ఇనుము కింద పోవలసిందే. నా విద్యార్థి దాన్ని లారీమీద ఏలూరు తెచ్చి, ఇంటి వెనక రేకుల పాకలో దించాడు.

పైకి చూస్తే మరీ పాడైనట్టు లేదు. రంగు వెలిసింది, అక్కడక్కడ సొట్టలు, అంతే.

"మాస్టారూ, వైశాఖంలో మా చెల్లి పెళ్ళండి. లప్పం పెట్టి, రంగు కొట్టించి, ఇంజను తిరిగేటట్టు చేస్తే చాలు. తాతగారి కారులోనే ఊరేగిస్తాం" అన్నాడతను. వాళ్ళ నాయనమ్మగారికి అప్పటికే మాట ఇచ్చేశాడు. ఆమెకు 80 దాటాయి. ఆ కారెక్కి ఆమె తాతగారితో ద్వారకా తిరుమల వెళ్ళిన రోజులున్నాయి.

అతనికి ఒక కొడుకు, ఒక కూతురు. ఒక అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి ఆ పిల్లలిద్దరికీ ఇచ్చాను. కారంతా తిప్పుతూ, ఎక్కడ అంటుకోకపోతే అక్కడ సుద్దముక్కతో సున్న చుట్టమన్నాను. అయస్కాంతం ఇనుముకు అంటుకుంటుంది గాని లప్పానికి అంటుకోదు గదా! సాయంత్రానికి తలుపుల అడుగంచులనిండా సున్నాలే. ఎప్పుడో ఇనుము తినేసిన చోట్ల లప్పం పూసి రంగు వేశారన్నమాట.

మరునాడు వెల్డింగు మేస్త్రి వచ్చాడు. ముందు కింద పరిచినది తియ్యమన్నాడు. అది మామూలు గుడ్డ కాదు, ఏలూరు ఉన్ని తివాచీ ముక్క. ఏలూరు తివాచీలకు దేశదేశాల పేరుంది, తాతగారు ముచ్చటపడి వేయించుకున్నారు. దాని కింద గోనెపట్టా. షెడ్డు రేకుల చిల్లుల్లోంచి కారిన వాన ఉన్నిలో ఇంకి, గోనెలో నిలిచి, ఏళ్ళ తరబడి ఇనుముకు తడిపట్టీ వేసింది. అసలే ఇది కొల్లేటి సీమ. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దానిలో కలుస్తాయి. ఉప్పుటేరు దాన్ని సముద్రానికి కలుపుతుంది. చుట్టూ చెరువులు, కాలవలు, వరిచేలు. గాలిలో చెమ్మకు కొదవ ఏముంది?

తుప్పు అంటే ఏమిటి? ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, నీరు మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. అల్యూమినియం కూడా ప్రాణవాయువుతో కలుస్తుంది. కాని దాని పొర పల్చగా, గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుపతుప్పు అట్లా కాదు. ఉబ్బి, పెళుసై, పొరలుపొరలుగా ఊడి, కింద మళ్ళీ కొత్త ఇనుమును గాలికి చూపిస్తుంది. ఉప్పునీరైతే ఈ పని ఇంకా జోరు. ఎందుకంటే తుప్పుపట్టటం లోలోపల విద్యుత్తు పని. ఉప్పునీటిలో విద్యుత్తు సులభంగా పారుతుంది.

మేస్త్రి చిన్న సుత్తితో ఛాసిస్ పొడుగునా తట్టుకుంటూ పోయాడు. నడుమ కమ్ములమీద 'ఠంగు ఠంగు' మంది. పక్క చేతుల దగ్గరికి వచ్చేసరికి 'డబ్బు' మంది. అక్కడ స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పిడిదాకా దిగిపోయింది.

"ఆయ్, రంగేసి ఇచ్చెయ్యమంటే వారంలో ఇచ్చేస్తానండి. మరి పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కూచున్నాక నలుగురు కుర్రాళ్ళు అంచులమీద ఎక్కకుండా ఉంటారాండి? గతుకులో పడితే ఈ చేతులు విరుగుతాయండి" అన్నాడు.

చేతులు కొత్తవి వెయ్యాలంటే కారు ఒళ్ళంతా ఛాసిస్ మీదనుంచి ఎత్తాలి. పెళ్ళికి ఏడు వారాలే ఉంది. నాయనమ్మగారికి ఎట్లా చెప్పటమా అని నా విద్యార్థి రెండు రోజులు తటపటాయించి, చివరకు చెప్పాడు. ఆమె కోప్పడలేదు. "పోనీలే నాయనా. నేనుండగా అవుతుందా మరి?" అని మాత్రం అడిగింది. ఊరేగింపు అద్దె కారులో జరిగింది.

విప్పటం మొదలైంది. విప్పేముందు తలుపుల సందులు కొలిచి రాసుకున్నారు. తలుపుల ఖాళీకి అడ్డంగా ఇనుపబద్దలు వెల్డు చేశారు. లేకపోతే ఎత్తేటప్పుడు మూత లేని ఆ పెట్టె వంగి, తరవాత తలుపులు పట్టవు. ప్రతి భాగానికీ ఫోటో తీశారు. బోల్టులు వేరువేరు సీసాల్లో వేసి చీటీలు అంటించారు. చీటీలు రాసే పని మూడో తరగతి చదివే పాపది. "ఎడమ తలుపు. పై బందు. బోల్టులు 4. ఒక వాషరు లేదు" అని రాసింది. ఆ చివరిమాట రాయాలని ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్పెక్షను రిపోర్టులు అంత ఖచ్చితంగా రాసినవారిని నా ఉద్యోగంలో తక్కువమందిని చూశాను.

చిన్న భాగాల తుప్పు వదిలించిన తీరు నాకు బాగా నచ్చింది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి చాకలిసోడా కలిపారు. బాటరీ ఛార్జరు మైనస్ తీగను తుప్పు భాగానికీ, ప్లస్ తీగను పనికిరాని ఇనుపముక్కకూ తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా నీళ్ళలో ముంచారు. సన్నని బుడగలు లేస్తాయి. తెల్లారేసరికి తుప్పు నల్లని మడ్డిగా వదులై, బ్రష్షుతో తోమితే వచ్చేసింది. విద్యుత్తు పని వల్ల పట్టిన తుప్పును మళ్ళీ విద్యుత్తుతోనే వదిలించారన్నమాట. ఆ బుడగలలో ఉదజని ఉంటుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అందుకని తొట్టి ఆరుబయటే పెట్టారు. స్టీలు గరిటె లాంటిది ప్లస్ తీగకు తగిలించకూడదు. దానిలోని క్రోమియం విషపు లవణమై నీళ్ళలో కలుస్తుంది. పెద్దలు దగ్గర లేకుండా మీరు ఈ పని చెయ్యవద్దు.

ఛాసిస్‌కు కొత్త చేతులు వేసి, లోపలి బోలులోకి మైనం కలిపిన నూనె చిమ్మారు. బ్రష్షు దూరని చోట అదే దారి. నీరు కారిపోవటానికి కంపెనీవారు పెట్టిన చిల్లులు ఊకదుమ్ముతో పూడిపోయి ఉంటే వాటిని తెరిచారు. అరిగిన బుష్షులు బెజవాడ ఆటోనగర్‌లో లేతుమీద చేయించారు. మద్రాసు ఫ్యాక్టరీ మూతపడినా, ఇంగ్లండులో ఈ కార్ల సరదా ఉన్నవారు చాలామంది ఉండబట్టి కొన్ని భాగాలు అక్కడ ఇంకా తయారవుతున్నాయి.

ఇంజను పని చెప్పుకోదగినంత కాదు. పిస్టన్లు పట్టేసి ఉంటే ప్లగ్గుల చిల్లుల్లో డీజిలూ నూనే పోసి వారం నానబెట్టి, మెల్లిగా చేత్తో తిప్పితే వదిలాయి. బ్రేకులే ఏడిపించాయి. బ్రేక్ ఆయిల్ అని మనం అనేది నిజానికి నూనె కాదు. గాలిలోని చెమ్మను పీల్చుకునే ద్రవం. నిలవ ఉన్నకొద్దీ నీరు చేరి, బ్రేకు సిలిండర్లను లోపలినుంచి తుప్పు తినేస్తుంది. అంతేగాక, బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరి అవుతుంది. ద్రవాన్ని నొక్కితే బలం చక్రానికి పోతుంది గాని, ఆవిరిని నొక్కితే అదే కుదించుకుపోతుంది. పెడలు నేలకు తగులుతుంది, కారు ఆగదు! నాలుగు చక్రాల సిలిండర్లూ, గొట్టాలూ కొత్తవి వేశారు.

కదలకుండా దాచిన కారు చెడదనుకోవటం భ్రమ. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. నిజాం కోసం వెనకసీటు సింహాసనంలా చేయించినది. తిరిగింది బహు తక్కువ. అయినా దాన్నీ బాగుచేసిన తరవాతే ప్రదర్శనకు పెట్టవలసి వచ్చింది.

చివరగా గుడ్డటాపు. జీపు టాపులు కుట్టే ఆయన కారుమీదనే కమ్ములకు గుడ్డ లాగి కట్టి, కొలత గీసి, రెండు వరసల కుట్టు వేశాడు. రంగు నాయనమ్మగారు చెప్పింది: వక్కపొడి రంగు. పాత తివాచీ ముక్క బాగుపడదని తీసేసి, కొత్తది వేశారు. కాని ఈసారి అతికించలేదు, ఎప్పుడుపడితే అప్పుడు ఎత్తి ఎండలో వేసుకోవచ్చు.

మాఘమాసంలో ఒకనాటి పొద్దున్న కారు భీమడోలు, ఉంగుటూరు మీదుగా సుమారు 50 కిలోమీటర్లు వెళ్ళి తాడేపల్లిగూడెం చేరింది. నాయనమ్మగారు ముందుసీట్లో, చెవులకు శాలువా చుట్టుకుని. నేనూ పిల్లలూ వెనక. మిల్లు వాకిట్లో ఆమె, "మీ తాత ఇక్కడ ఒక్క విసురులో తిప్పేవారు, వెనక్కు కొట్టకుండా" అంది. హెరాల్డు ముందుచక్రాలు మామూలు కార్లకన్న ఎక్కువగా తిరుగుతాయి. 25 అడుగుల గుండ్రంలో కారు మళ్ళుతుందని కంపెనీ పుస్తకాల్లో ఉంది. నా విద్యార్థి తిప్పాడు. పిల్లలిద్దరూ దుమ్ములో పడిన చక్రపు గీతను తాడుతో కొలిచారు. 25 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. మళ్ళీ కొలవమంది నాయనమ్మగారు.