అందరికీ దారి, దొంగకు తాళం

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ పరిసరాలలో నివసించే విశ్రాంత రైల్వే కార్మికునికి నవంబరు నెల వచ్చిందంటే ఒక పని తప్పదు. తాను బ్రతికే ఉన్నట్లు రుజువు చూపవలె. అది సకాలంలో అందకపోతే పింఛను నిలిచిపోతుంది. ఒకప్పుడు ఇందుకోసం బ్యాంకుకు నడిచి వెళ్ళి, వరుసలో నిలబడి, అధికారి ఎదుట సంతకం చేసి రావలసి ఉండేది. 2014 నవంబరు 10న ఆరంభమైన జీవన్ ప్రమాణ్ విధానం ఆ పనిని వేలిముద్రకు అప్పగించినది. 2021 నుండి సెల్‌ఫోను కెమెరా ముందు ముఖం చూపినా చాలు.

నడక తగ్గినది. కాని కొత్త చిక్కు ఎదురైనది. పింఛను చీటీ, వైద్య కార్డు, శ్రీకాకుళం వెళ్ళే బండికి టికెట్టు, మనుమరాలి పరీక్ష దరఖాస్తు, అన్నీ వెబ్‌సైట్లలోకి చేరాయి. శుక్లాలు కమ్మిన కన్నులతో, వణికే వ్రేలితో, ఇంట తెలుగు, వీథిలో హిందీ, బెంగాలీ మాట్లాడే పెద్దమనిషి ఆ తెర ముందు తికమకపడితే తప్పు ఎవరిది? నేర్చుకొనని ఆయనదా, నిర్మించినవారిదా?

ఈ ప్రశ్నకు సమాధానం ఆయన పనిచేసిన చోటనే ఉన్నది.

కేబిన్ నేర్పిన పాఠం

ఖరగ్‌పూర్ రైలు కట్టిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనును, పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగు కుటుంబాలు పనికోసం వచ్చి స్థిరపడ్డాయి. ఇక్కడి 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్ దానిని మించేవరకు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు పొందినది.

ప్రయాణికుల కంటికి కనిపించని ఘనత మరొకటి ఉన్నది. అది ఇంటర్‌లాకింగ్. పాయింట్లు సరిగా అమరి బిగిస్తే తప్ప ఆ దారికి సిగ్నల్ పడదు. ఒక బండికి దారి ఇచ్చిన తరువాత, దానికి అడ్డువచ్చే మరొక దారికి సిగ్నల్ ఇవ్వబోయినా యంత్రం ఒప్పుకొనదు. కేబిన్‌లోని మనిషి అలసిపోవచ్చు, మరచిపోవచ్చు. ఆ మరపు ప్రమాదంగా మారకుండా ఏర్పాటే అడ్డుపడుతుంది. 2017లో ఖరగ్‌పూర్‌లో నెలకొల్పిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ 800 దారులను ఈ విధంగా కాపలా కాస్తున్నది.

వెబ్‌సైటు నిర్మాణానికీ ఇదే సూత్రం. వాడుకరి జాగ్రత్తగా ఉంటాడన్న ధీమాతో కట్టినది నిలువదు.

తాళం ఎక్కడ వేయవలె

దరఖాస్తులో పేరు వ్రాసే గడి ఉంటుంది. దుర్మార్గుడు అక్కడ పేరుకు బదులు డేటాబేస్‌కు ఒక ఆజ్ఞ వ్రాస్తాడు. సర్వర్ దానిని తన ఆజ్ఞలో కలిపివేసుకొంటే లోపలి వివరాలన్నీ అతని చేతికి చిక్కుతాయి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనే ఈ దాడిని గూర్చి 1998 నాటికే బహిరంగంగా వ్రాశారు. దీనికి మందు కూడా పాతదే. సర్వర్ ఆజ్ఞను ముందే స్థిరపరచి, బయటివారు వ్రాసినదానిని కేవలం సమాచారంగా వేరుగా అందించవలె. అప్పుడు గడిలో ఎంతటి ఆజ్ఞ వ్రాసినా అది వట్టి పేరుగానే మిగులుతుంది.

మరొక లోపం ఇంకా సామాన్యమైనది. పింఛనుదారు తన చీటీని తెరిచినప్పుడు పైనున్న చిరునామాలో ఒక సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్యలో ఒక అంకె మార్చగానే పొరుగువాని చీటీ తెరచుకొంటే ఆ వెబ్‌సైటుకు తలుపు ఉన్నదే గాని గడియ లేదన్నమాట. అడిగిన ప్రతిసారీ "ఈ కాగితం చూసే హక్కు ఈ మనిషికి ఉన్నదా?" అని సర్వరే పరీక్షించుకొనవలె. వెబ్ భద్రతకై 2001లో ఏర్పడిన ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ముఖ్య లోపాల పట్టికలో మొదటి స్థానం దీనికే దక్కినది.

పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్లుగా దాచుట మరొక అపరాధం. వాటిని వెనుకకు తిప్పరాని గణితరూపంలోకి మార్చి, ప్రతిదానికి వేర్వేరు అదనపు అక్షరాలు కలిపి భద్రపరచవలె. అప్పుడు చిట్టా దొంగ చేతికి చిక్కినా అసలు పాస్‌వర్డులను రాబట్టుట కష్టమవుతుంది.

ఇక చిరునామా మొదట ఉండే "హెచ్‌టీటీపీఎస్" సంగతి. వాడుకరికి, వెబ్‌సైటుకు నడుమ సాగే సంభాషణను అది రహస్యలిపిలో ఉంచుతుంది. అయితే అవతలివాడు నిజాయితీపరుడని హామీ ఇవ్వదు. మోసగాని వెబ్‌సైటుకు సైతం ఆ ఏర్పాటు ఉండవచ్చు. తాళం గుర్తు కనిపిస్తే చాలు నమ్మవచ్చుననే అపోహ ప్రబలినందువలననే గూగుల్ సంస్థ 2023లో తన క్రోమ్ బ్రౌజర్‌లో ఆ గుర్తును తీసివేసి వేరొకటి ఉంచినది. పింఛనుదారు మొదట గమనించవలసినది చిరునామా. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల వెబ్‌సైట్ల చిరునామాలు సాధారణంగా "జీఓవీ.ఇన్" లేక "ఎన్ఐసీ.ఇన్" అని ముగుస్తాయి.

చెవితో చదివేవారు

తాళం గట్టిదైనంత మాత్రాన ఇల్లు మంచిది కాదు. ఇంటివాడు లోపలికి పోగలగవలె.

చూపు లేనివారు వెబ్‌సైటును చెవితో చదువుతారు. తెర మీది వ్రాతను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధుడు 2006లో ఆరంభించిన ఎన్‌వీడీఏ అటువంటిది. ఇది ఉచితంగా లభిస్తుంది, తెలుగును సైతం చదువుతుంది. కాని పుటను కట్టినవారు సహకరించనిదే అది ఏమీ చేయలేదు.

ఇక్కడనే నిర్మాణక్రమం విలువ తెలుస్తుంది. శీర్షికను కేవలం పెద్ద అక్షరాలతో వ్రాస్తే కంటికి అది శీర్షికే; స్క్రీన్ రీడర్‌కు మాత్రం మరొక వాక్యం. "ఇది శీర్షిక" అని లోపలి సంకేతంలో చెప్పినప్పుడే చూపు లేని మనిషి ఒక శీర్షిక నుండి మరొకదానికి దూకుతూ కావలసిన చోటికి చేరుతాడు. గడి ప్రక్కన "పుట్టిన తేదీ" అని కనిపిస్తే చాలదు, ఆ మాటను ఆ గడికే ముడివేయవలె. బొమ్మకు మాటలలో వివరణ ఇవ్వవలె. మౌస్ పట్టలేనివారి కొరకు ప్రతి పనీ కీబోర్డుతో సాధ్యం కావలె.

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1999లో మొదటిసారి వెలువరించి, 2023 అక్టోబరులో 2.2వ కూర్పుగా సవరించిన మార్గదర్శకాలు ఈ విషయాలను కొలతలతో సహా చెబుతాయి. సాధారణ అక్షరానికి, దాని వెనుక రంగుకు నడుమ వెలుగు తేడా 4.5కు 1 నిష్పత్తికి తగ్గరాదు. అక్షరాలను రెండింతలు చేసినా ఏదీ చెరిగిపోరాదు. శుక్లాలు కమ్మిన కన్నులకు ఈ రెండు నియమాలే సగం వైద్యం.

తెలుగు అక్షరానికి పట్టిన గతి

క్రమం తప్పిన నిర్మాణం ఎంత చేటు తెస్తుందో తెలుగువారికి అనుభవమే. తొలినాళ్ళలో అనేక తెలుగు వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడాయి. రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చినందువలన ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలే కనిపించేవి. అన్వేషణకు ఆ మాటలు దొరకవు, స్క్రీన్ రీడర్‌కు నోరు పెగలదు. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు స్థానం దొరికినా, అది వాడుకలో వ్యాపించడానికి ఎన్నో ఏండ్లు పట్టినది. తెలుగు ప్రకటనను స్కాన్ చేసి బొమ్మగా పెట్టే అలవాటులో ఆ పాత పొరపాటు ఈనాటికీ కొనసాగుతున్నది.

ఓల్డ్ సెటిల్‌మెంట్ ఉన్న ఊరిలోనే దీనికి ప్రతిగా ఒక మంచి ఉదాహరణ కలదు. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్మించగా 2018 జూన్ 19న జాతికి అంకితమైన నేషనల్ డిజిటల్ లైబ్రరీ అనేక సంస్థల వద్ద ఉన్న గ్రంథాలను ఒకే గుమ్మం నుండి వెదకనిస్తుంది. రచయిత, భాష, విషయం వంటి వివరాలను ఒక పద్ధతిలో నమోదు చేయుటయే దాని బలం. పద్ధతి లేని రాశిలో పుస్తకం ఉన్నా లేనట్లే.

దయ కాదు, హక్కు

ఇదంతా నిర్మాతల ఔదార్యానికి వదలిన సంగతి కాదు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శకాలు ఏర్పడ్డాయి. వాటి మూడవ కూర్పు 2023లో వచ్చినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాలు వారికి అందుబాటులో ఉండవలెనని శాసించినది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసి, డిజిటల్ సేవలను పొందే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించే జీవించే హక్కులో అంతర్భాగమని తీర్పు చెప్పినది. ముఖాన్ని కెమెరాకు చూపి కనురెప్పలు ఆడించలేని యాసిడ్ దాడి బాధితుల మొర ఆ తీర్పుకు మూలం. భాష విషయంలోనూ ఆశ లేకపోలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వడానికి నిర్ణయించినది.

భద్రతకు, సౌలభ్యానికి పొత్తు కుదరదని కొందరు వాదిస్తారు. ఇది పొరపాటు. వంకరటింకర అక్షరాల బొమ్మను చదివి టైపు చేయమంటే చూపు మందగించినవాడు ఓడిపోతాడు. ఏ గడిలో ఏమి వ్రాయవలెనో తెలియనివాడు ఓ.టి.పి.తో సహా అన్నీ అపరిచితుని చేతిలో పెడతాడు. స్వయంగా నడువగల దారి లేనిచోటనే మోసగాడు చేయూత పేరుతో ప్రవేశిస్తాడు. స్పష్టమైన నిర్మాణం అందుబాటుకు పునాది, అందుబాటు భద్రతకు కాపలా.

వెబ్‌సైటును లోకానికి విడుదల చేసే ముందు నిర్మాత నాలుగు పరీక్షలు చేయవచ్చు. మౌస్ తీసివేసి పని పూర్తి చేయవలె. అక్షరాలను రెండింతలు పెంచి చూడవలె. కన్నులు మూసుకొని స్క్రీన్ రీడర్ మాట వినవలె. తన చిరునామాలోని ఒక అంకె మార్చి, పొరుగువాని తలుపు తెరచుకొంటున్నదేమో పరీక్షించవలె. ఖర్చు స్వల్పం, ఫలం గొప్పది.

కేబిన్‌లో పనిచేసి విశ్రాంతి పొందిన మనిషి తన జీవితకాలంలో ముఖమైనా ఎరుగని వేలాది ప్రయాణికులకు క్షేమంగా దారి ఇచ్చాడు. వారిలో ఒక్కరైనా పాయింట్ల సంగతి నేర్చుకొని బండి ఎక్కలేదు, ఎక్కవలసిన అవసరమూ లేకపోయినది. నవంబరులో ఫోను చేత పట్టుకొన్నప్పుడు ఆయన కోరేది కూడా అంతే.