వంగ కుటుంబపు పూలపొదలు

మిరప, వంగ, టమాట, పొగాకు - ఈ పైరుల నెఱుగని రైతు మన ప్రాంతమున లేడు. ఇవన్నియు నొక్క కుటుంబమునకు జేరిన మొక్కలు. ముంగిటికి శోభ గూర్చు పూలపొదలు కొన్ని యా కుటుంబమునందే కలవు. ఇవి మన పంటలకు చుట్టములు గనుక, వీనిని పెంచు విధమును, వీనివలన గలుగు కీడును సభ్యులకు దెలుపదలచితిమి.

ఇందు ముఖ్యమైనవి మూడు. మొదటిది రేరాణి. నర్సరీలవారు దీనిని నైట్ క్వీన్ అందురు. దీని సన్నని లేతపూలు పగలు ముడుచుకొనియుండి, రాత్రి విచ్చి యిల్లంతయు గుబాళింపజేయును. రెండవది బ్రన్‌ఫెల్సియా. దీని పువ్వు ఊదావన్నెతో విచ్చి, క్రమముగా వెలిసి, రెండుమూడు దినములలో తెల్లనగును. మూడవది బ్రుగ్మాన్షియా. ఇది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలకు జెందినది. మన ఉమ్మెత్తపువ్వు పైకి జూచును. దీని పువ్వు జానెడుకు మించిన పొడవుతో క్రిందికి వ్రేలాడును.

చలిదేశములలో మంచుకు చచ్చునను భయముచే వీనిని శీతకాలమున ఇంటిలోపల నుంతురు. మన మైదానములలో ఆ భయము లేదు, వడగాలియే శత్రువు. కావున ఉదయపుటెండ తగిలి, మధ్యాహ్నము నీడ పడు తూర్పుదిక్కున నాటవలయును. బ్రుగ్మాన్షియా కొండచల్లదనము గోరునది. మైదానమున దీనికి నీడయు, నీరును మఱింత యవసరము.

తొలకరి తరువాత పెన్సిలంత లావుగల కొమ్మను 6 మొదలు 8 అంగుళముల వఱకు కోసి, ఇసుక కలిపిన మట్టిలో నాటి నీడనుంచవలయును. రేరాణి, బ్రుగ్మాన్షియా సులువుగా వేళ్లు పట్టును; బ్రన్‌ఫెల్సియాకు ఓపిక కావలయును. బ్రుగ్మాన్షియా కాండము రెండుగా చీలిన తరువాతనే పూయును. ఆ చీలికకు పైనున్న కొమ్మను నాటినచో త్వరగా పూలు వచ్చును. కుండీకి రెండుపాళ్లు మట్టి, ఒకపాలు చివికిన పశువులయెరువు, ఒకపాలు ఇసుక చాలును. నీరు నిలువరాదు. పూత ముగిసిన పిమ్మట కొమ్మలు కత్తిరింపవలయును.

ఇక జాగ్రత్తలు. తెల్లదోమ, ఎఱ్ఱనల్లి ఈ పొదలపై, ముఖ్యముగా బ్రుగ్మాన్షియాపై, చేరును. టమాటకు ఆకుముడుత తెగులును మోయునది తెల్లదోమయే. కాన మిరప, టమాట నారుమడి చెంత వీనిని నాటరాదు. పొగాకు మొజాయిక్ తెగులు చేతులకు, కత్తికి అంటిన రసముద్వారా ఒక మొక్కనుండి మఱియొక మొక్కకు ప్రాకును. చుట్ట ముట్టిన చేతినుండియు నది సోకవచ్చును. పొదను కత్తిరించిన పిదప చేతులను, కత్తిని సబ్బుతో కడిగికొనియే నారుమడిలో అడుగిడవలయును.

అంతకంటె ముఖ్యమైనది విషము. ఈ మూడును విషమొక్కలే. బ్రుగ్మాన్షియాయందు ఉమ్మెత్తలోని విషమే కలదు. తిన్నవారికి నోరెండి, కనుపాపలు విరిసి, మతి చలించును. రేరాణికి తోబుట్టువైన దిన్‌కా రాజా ఆకును మేసిన పశువులకు రక్తనాళములలో సున్నము పేరుకొనును. ఒకమాఱు మేము కత్తిరించిన రెమ్మలను పశువులపాక గోడవద్ద పడవైచితిమి. మఱునా డుదయమున మా దూడ వానిని నోట గఱచియుండుట చూచి పరుగెత్తితిమి. మ్రింగకమునుపే లాగివేయుటచే గండము గడచినది. నాటినుండి కత్తిరింపులను గోతిలో పూడ్చుచున్నాము.

పిల్లలు తెలియక తినినచో నాటుచికిత్సలతో కాలము గడపక, తిన్న రెమ్మను వెంటగొని వైద్యశాలకు పోవలయును. పశువునకు పశువైద్యుని వెంటనే పిలువవలయును.

ఇంతమాత్రముచే ఈ పూలను వెలివేయ నక్కరలేదు. పాకకు, పసిపిల్లలయాటకు, నారుమడికి దూరముగా నొక మూల చోటిచ్చినచో, పగలెల్ల పొలమున శ్రమించి యింటికి వచ్చిన రైతునకు రేరాణి పరిమళము నిజముగా విశ్రాంతి నిచ్చును.