జ్ఞాపకశక్తి గల టెలివిజను

1926 జనవరి 26వ తేదీన లండను నగరమందలి ఫ్రిత్ వీథిలో, జాన్ లోగీ బెయిర్డ్ చలించు మానవ ముఖమును తన యంత్రమున రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులకు ప్రదర్శించిన నాడు మొదలుకొని, 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసిన నాటివరకును, ఆ పిమ్మట చాలకాలమును, టెలివిజను ఎన్ని రూపములు దాల్చినను దానియందొక సుగుణము నిలిచియే యుండెను: చూపిన బొమ్మను అది మరుక్షణమున మఱచెడిది. కావుననే బదిలీపై ఊరు విడుచు ఉద్యోగికి, ఆ బరువైన పెట్టెను పొరుగువారి కమ్మునపుడు, బేరము తప్ప వేఱు చింత యుండెడిది కాదు.

స్మార్టు టీవీ అట్టిది కాదు. అది తెర తగిలించుకొన్న కంప్యూటరు. తోషీబా సంస్థలో ఫుజియో మసుఓకా 1980వ దశకమున రూపొందించిన ఫ్లాష్ మెమరీ దాని కడుపులో నున్నది. ఆ చిప్పులోని సూక్ష్మకోష్ఠములచుట్టును విద్యుత్తును సాగనీయని పలుచని పొర యుండును; తగినంత వోల్టేజి ప్రయోగించినపుడు ఆ పొరను దాటి లోనికి చొచ్చిన ఎలక్ట్రానులు, పాతరలో పోసి కప్పిన ధాన్యమువలె, ప్లగ్గు పెఱికివేసినను సంవత్సరముల తరబడి అచ్చటనే యుండును. వైఫై పాస్‌వర్డును, యూట్యూబు, నెట్‌ఫ్లిక్సు ఖాతాల గుర్తులును నిలుచునది ఈ మెమరీయందే. ఇంతటితో ఆగిన మేలే! తెరపై నడచు దృశ్యములను క్షణక్షణము గుర్తించి, ఇంటివారి యనుమతి లేకయే కోటి పైచిలుకు టీవీలనుండి ఆ సమాచారమును సేకరించినదని టీవీలు తయారుచేయు విజియో కంపెనీపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను అభియోగము మోపగా, 2017లో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒడంబడినది.

ఇల్లు మారుటకు ముందు టీవీని అమ్మదలచినవారు, ఆ మెమరీలోని ఖాతాలను తుడిచివేయు ఫ్యాక్టరీ రీసెట్ చేయక తప్పదు. అయితే తొందరపడి ముందుగనే చేసినచో కొనవచ్చినవానికి చూపుటకేమియు మిగులదు. బొమ్మ చూడనిదే ధర పలుకువాడెవడు? తెల్లని తెర నొకదానిని నిలిపి, చారలును నల్లని మరకలును లేవని అతడు తృప్తిపడిన పిమ్మట, అతని యెదుటనే రీసెట్ చేయుట ఉభయులకును క్షేమము. మఱచి అమ్మివేసినవారు సైతము తమ గూగుల్ ఖాతాలోని పరికరముల పట్టికనుండి ఆ టీవీని ఫోనుద్వారా తొలగింపవచ్చును.

పలుచని గాజుపలకను ఆటోలో పడుకోబెట్టక నిలువుగనే తీసికొనిపోవలెనని కొనువానికి చెప్పుట మర్యాద. ఇక గోడకు బిగించిన నాడు అటకపై పడవేసిన కాళ్ళును, వాని మరలును వెదకి ఇయ్యనిచో, అతడు ఆ మేరకు ధర తగ్గించుట న్యాయమే.