పరుల చేతి తాళపుచెవి

మా అత్తగారికి పెండ్లిపాటలు నూటికి పైగా వచ్చియుండెను. తలుపుదగ్గఱ పాట, బంతులాట పాట, అలుకపాట, అప్పగింతల పాట మొదలగునవి. మార్కాపురమున చెన్నకేశవస్వామి గుడి చుట్టుప్రక్కల నెవరింట పెండ్లి జరిగినను ఆమెకు పిలుపు వచ్చెడిది. నేను కాపురమునకు రాకమునుపే, 2004వ సంవత్సరపు వేసవి సెలవులలో, మా వారు ఆమెచే పాడించి యొక్కొక్క పాటయే వ్రాసికొని, బజారులోని యొక డీటీపీ దుకాణమున కంప్యూటరుపై కూర్పించిరి. కాగితపు ప్రతి యొకటియు, సీడీ యొకటియు నింటికి వచ్చెను. కాగితములు కొన్నాళ్లకే చెదలపాలయ్యెను. సీడీలోని ఫైలును పెన్‌డ్రైవులోనికి మార్చుకొని, అది యున్నదిగదా యని నిశ్చింతగా నుంటిమి. 2013లో అత్తగారు స్వర్గస్థులైరి.

ఇటీవల మా పెద్ద యాడుబిడ్డగారి కొమార్తెకు పెండ్లి నిశ్చయమైనది. "అమ్మ పాటలన్నీ తీసి పెట్టమ్మా, పిల్లకు ఆ పాటలతోనే పెండ్లి చేయవలె" నని వదినగారు కోరిరి. క్రొత్త కంప్యూటరున ఆ ఫైలును తెఱవబోగా తెఱచుకొనలేదు. బలవంతముగా మఱియొక ప్రోగ్రాముతో తెఱపింపగా తెలుగక్షర మొక్కటియు లేదు. ఇంగ్లీషు అక్షరములును, కొక్కెములును, ప్రశ్నార్థకములును బారులు తీర్చి నిలిచినవి. ఆ బారులలో నెక్కడనో మా అత్తగారి గొంతున్నదని తెలిసియు నేమియు చేయలేక చాలసేపు కూర్చుంటిని.

ఇట్లేల జరుగునో సోదరీమణులకు విశదపఱచెదను. ఆ దినములలో డీటీపీ దుకాణములవారు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు గుణింతముల రూపములను పొదిగిన ఫాంట్లను వాడెడివారు. ఆ ఫాంటు లేనిచోట 'క' యుండవలసిన తావున మఱేదియో కనబడును. ఫాంటు దొరకినను చాలదు. పుటలు కూర్చిన ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రాము పాత విండోస్ కొఱకు చేయబడినది. ఆ పాత విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో కంపెనీవారి యండ తీఱిపోయెను. తాళములో తాళము, దానిలో నింకొక తాళము. మా యూరి పలకపై నే బలపముతో నైనను వ్రాయవచ్చును. బలపము మార్చితివి కావున పాత పలకమీది వ్రాత నీకు కనబడదనువారు లేరు. కంప్యూటరు సంగతి యట్లు కాదు.

కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమనునది యింటి పెద్దకోడలివంటిది. ఫైలు తీసి యిమ్మనినను, అక్షరము తెరపై గీయుమనినను, ప్రింటరుకు పంపుమనినను ప్రోగ్రాములన్నియు నామెనే యడుగవలెను. విండోస్ కొఱకు పుట్టిన ప్రోగ్రాము విండోస్ పేళ్లతోనే యడుగును; వేఱొకరి పలుకు దానికి తెలియదు. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారు చక్కని తెలుగులో నొక గ్నూ లినక్స్ వ్యవస్థను సిద్ధపఱచిరి. క్రొత్తగా నేర్చుకొనువారికి నే నదియే చెప్పుదును. కాని మా పాతఫైలుకు కావలసినది విండోస్ పలుకు తెలిసిన పెద్దకోడలు.

అట్టి దొకటి కలదని మా వారి పూర్వశిష్యుడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, దసరాకు వచ్చినపుడు చెప్పెను. దాని పేరు రియాక్ట్ ఓఎస్. విండోస్‌ను చేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీకి దీనితో సంబంధము లేదు. కాని విండోస్ ప్రోగ్రాము వచ్చి యడిగినచో విండోస్ యేమి బదులిచ్చునో యిదియు నదే బదులిచ్చునట్లు కట్టుచున్నారు. నా కప్పుడు భాగవత దశమస్కంధము తలపునకు వచ్చెను. బ్రహ్మ దూడలను, గోపబాలకులను మఱుగుపఱుపగా కృష్ణుడు తానే యా రూపములన్నియు దాల్చి యొక యేడాది మెలగెను. తల్లులు గాని, ఆవులు గాని భేద మెఱుగలేదు. అయితే కృష్ణునికి క్షణములో సాధ్యమైనది మనుష్యులకు మూడు దశాబ్దములైనను పూర్తికాలేదు.

1996లో కొందఱు విండోస్ 95కు బదులైన దానిని కట్టుదమని కూడిరి. మాటలతోనే కాలము గడచెను, పని సాగలేదు. 1998లో జేసన్ ఫిల్బీ యనునతడు పూనుకొని, పాత సంకల్పమును విడిచి, విండోస్ ఎన్‌టీ పద్ధతి ననుసరించి పనిని మరల నారంభించెను. రియాక్ట్ ఓఎస్ అను పేరు నప్పటిదే. ఇందులో వ్రాసిన ప్రతిపంక్తియు నెవరైనను చూడవచ్చును, దిద్దవచ్చును, పరులకు పంచవచ్చును. పుచ్చుకొన్నవారికిని అదే హక్కు చెందును.

విండోస్ లోపలి వ్రాత యెవరికిని చూపబడదు గదా, మఱి యెట్లు కట్టుదురని మీరడుగవచ్చును. పొరుగింటివారి యావకాయ రుచి చూచి, ఉప్పెంత, ఆవపిండి యెంత, నూనె యేపాటి యని యొకతె చెప్పగా, ఆ పొరుగింటి గడప యెన్నడును త్రొక్కని మఱియొకతె తన యింట కలిపినచో దొంగతనమనరు. పొరుగువారి పుస్తకము చాటుగా తెఱచి చూచినచో నది వేఱు. 2006 జనవరిలో అట్టి యారోపణయే వచ్చెను: విండోస్‌ను విప్పిచూచి వ్రాసిన భాగములు కొన్ని యిందు కలిసినవని. వారు బుకాయింపక, పని నాపి, ఉన్న వ్రాతనంతయు పరిశోధింప మొదలిడిరి. అందువలన సంవత్సరములు వెనుకబడిరి. వారియందు నాకు గౌరవము కలిగినది యీ యొక్క సంగతివలననే.

వీరికి తోడు మఱియొక గుంపు కలదు. 1993లో నారంభమైన వైన్ అను ప్రోగ్రాము (పేరు విని సోదరీమణులు శంకింపవలదు, మద్యముతో దానికి పొత్తు లేదు) లినక్స్ పై కూర్చుండి విండోస్ ప్రోగ్రాములకు ద్విభాషివలె పనిచేయును. ఆ వైన్ వ్రాతలో చాలభాగము రియాక్ట్ ఓఎస్ వారును వాడుకొందురు. ఒకరి శ్రమ యొకరికి చెల్లును.

ఇంతయు విని మీ యింటి కంప్యూటరులో దీనిని వెంటనే పెట్టుకొందమని తొందరపడకుడు. 2016 ఫిబ్రవరిలో 0.4.0 అను కూర్పు వచ్చెను; 2025 మార్చిలో 0.4.15 వచ్చెను. ఇదింకను పరీక్షదశలో నున్నదని కట్టువారే చెప్పుచున్నారు. నిత్యము వాడుకొనుటకు గాని, బ్యాంకు పనులకు గాని పనికిరాదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కిని ఉచిత భద్రతా సవరణలు సామాన్యముగా నిలిచిపోయినవి. క్రొత్తదానికి కావలసిన భద్రతాచిప్పు లేక, పనిచేయుచున్న కంప్యూటరులు కూడ మూలబడుచున్నవి. వాని కన్నిటికిని ఇది యిప్పుడే గతి యని చెప్పజాలను.

ఆ చిన్నవాడు మా కంప్యూటరులోనే వర్చువల్ బాక్స్ అను ప్రోగ్రాముతో నొక యుత్తుత్తి కంప్యూటరును కల్పించి, అందు రియాక్ట్ ఓఎస్ నుంచెను. ఇది మంచి యుపాయము. ఏది చెడినను అసలు కంప్యూటరుకు ముప్పు లేదు. పాటలు కూర్చిన దుకాణము మూతపడి చాలకాలమైనను, యజమాని తాను డబ్బిచ్చి కొన్న పాతడిస్కును, ఫాంట్లను అటకమీదనుండి దింపి యిచ్చెను. డిస్కు గీతలుపడి యుండుటచే తొలిరోజు ప్రోగ్రాము సగములో నిలిచిపోయెను. రెండవరోజు నంతే. మూడవరోజు రాత్రి భోజనములైన పిమ్మట, తెరపై మొదట ఖాళీపుట, పిదప తెలుగు!

మా వారు బదులాడక కండ్లద్దములు తుడుచుకొనిరి.

మా ప్రింటరు దానికి కలియలేదు. అందుచేత తెరమీద చూచుచు, ఏ కంప్యూటరులోనైనను, ఫోనులోనైనను చదువదగిన యూనికోడ్ తెలుగులో నాలుగు మధ్యాహ్నములు కూర్చుండి నేనే యెక్కించితిని. మొత్తము ఇరువదిమూడు పాటలు. అత్తగారికి వచ్చినవి నూటికి పైగా నైనను, ఆ వేసవిలో వ్రాసికొన్నవి యంతే. అప్పగింతల పాటలో కడపటి చరణము ఫైలులోను లేదు. వదినగారికి ఫోను చేసి యడుగగా, వంటయింటిలో నుండియే పాడిరి. రెండవమాఱు పాడించుకొని వ్రాసికొంటిని.