ఆగిన కేంద్రము, ఆగని కావలి

సామాన్యముగా ద్రవములు ఘనీభవించునపుడు సంకోచించును. నీరు మాత్రము దాదాపు 9 శాతము వ్యాకోచించును. ఆ ఒత్తిడికి లోహపు గొట్టము సైతము పగులును.

అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రమందలి డ్రెస్డెన్ అణువిద్యుత్కేంద్రపు మొదటి రియాక్టరు 1978లోనే ఆగినది. వాడిన యింధనము మాత్రము అక్కడి నీటికొలనులో మిగిలినది. 1993-94 శీతకాలమున రియాక్టరు కట్టడమునకు వెచ్చదనము కల్పింపలేదు. 1994 జనవరిలో నీటిగొట్టము గడ్డకట్టి పగిలి, సుమారు 55,000 గ్యాలనుల నీరు అడుగంతస్తున చేరినది. కొలనుతో సంబంధము గల గొట్టము కూడ అట్లే పగిలియుండినచో, ఇంధనమును కాపాడు నీరే కొంత జారిపోయెడిది.

నివారణకు గొప్ప యంత్రము లక్కరలేదు: గొట్టమునకు చలి నాపు తొడుగు, విద్యుత్తుతో వేడెక్కు తీగ, శీతకాలమునకు ముందే పరీక్ష. కేంద్రము పని మానినను, ఇంధన మున్నంతకాలము కావలి మానరాదు.