మీకు తెలుసా? గుడి గేటుకీ వైన్ షాపు గుమ్మానికీ మధ్య ఎన్ని మీటర్లు?

జంక్షన్ అంటే కృష్ణా డెల్టా వాళ్లకి హనుమాన్ జంక్షన్ తప్ప ఇంకో ఊరు తట్టదు. బెజవాడ నుంచి ఏలూరు పోతుంటే ఎడమకి నూజివీడు దారి, కుడికి గుడివాడ దారి. ఊరికి పేరిచ్చినవాడు ఆంజనేయస్వామి. ఆ కూడలిలో నిలబడి, గుడికీ బడికీ ఎంత దూరంలో వైన్ షాపు పెట్టొచ్చో ఎవరినైనా అడిగి చూడండి. "దూరంగానే ఉండాలి కదండీ" అంటారు తప్ప ఎంత దూరమో చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆ "దూరంగా" అన్న మాటకి నియమాల్లో మీటర్ల లెక్క ఉంది. షాపు పెట్టేవాళ్లకి ఆ లెక్క కంఠతా వచ్చు. పక్కింట్లో కాపురముండే మనకే రాదు. అందుకే ఈసారి హనుమాన్ జంక్షన్ నుంచి మొదలుపెట్టి ఆ లెక్కలే చెప్పుకుందాం.

✦

ఆ దూరం 100 మీటర్లు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన మద్యం షాపుల లైసెన్సు నియమాలు గుడి, బడి, ఆసుపత్రికి వందేసి మీటర్ల ఎడం పెట్టాయి. అయితే ఆ నియమాల్లో గుడి అంటే ప్రతి గుడీ కాదు. దేవాదాయ శాఖలో నమోదైన ఆలయం, వక్ఫ్ బోర్డులో నమోదైన మసీదు, చర్చి. రావిచెట్టు మొదట్లో గట్టు కట్టి మనం దీపం పెట్టుకునే అమ్మవారు లెక్కలోకి రాదు. బడి అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాఠశాల, జూనియర్ కాలేజీ, యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీ. సాయంత్రం పూట పిల్లలు సైకిళ్లేసుకుని వెళ్లే ట్యూషన్ సెంటరు ఇందులోకి రాదు. ప్రైవేటు ఆసుపత్రి అయితే కనీసం 30 పడకలుండాలి. మన వీధి చివర డాక్టరుగారి పది పడకల నర్సింగ్ హోమ్ పక్కనే షాపు వచ్చినా నియమం అడ్డు చెప్పదు. ఈ నిర్వచనాలు మారాలని నేను గట్టిగా కోరుకుంటాను. పసిపిల్లలు నడిచే దారికి గుర్తింపు సర్టిఫికెట్టు ఎందుకు?

✦

మరి ఆ 100 మీటర్లు ఎలా కొలుస్తారు? కాకి ఎగిరినంత సూటిగా కాదు, మనిషి నడిచే దారిలో. షాపు గుమ్మం నడిమధ్య నుంచి మొదలుపెట్టి, మనుషులు మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట, అవతలి బడి లేదా గుడి ప్రహరీ గేటు నడిమధ్య దాకా టేపు పడుతుంది. ప్రహరీ లేకపోతే ప్రవేశ ద్వారం దాకా. చిన్న సంగతిలా అనిపిస్తుంది కానీ ఫలితమంతా ఇక్కడే తేలుతుంది. షాపు గుమ్మాన్ని ఈ వీధి వైపు మూసి పక్క సందులోకి తెరిస్తే కొలత మారిపోతుంది. బడికి రెండు గేట్లుంటే ఏ గేటు దగ్గర టేపు ఆపారన్నది చూసుకోవాలి. నడుమ డివైడరు ఉన్న రోడ్డు మీద, ఎదురుగా కళ్ల ముందు కనపడే షాపు కూడా నడక దారి లెక్కకి దూరమైపోవచ్చు. కాబట్టి మీ వీధిలో కొలతకి ఎక్సైజు వాళ్లు వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు పెద్దలు పక్కనే ఉండటం మంచిది.

✦

ఇక హైవే సంగతి. జంక్షన్ పుట్టి పెరిగిందే చెన్నై–కోల్‌కతా రహదారి మీద. మొన్నటిదాకా మనం ఎన్‌హెచ్-5 అన్నాం, ఇప్పుడది 16. ఇలాంటి ఊళ్లన్నిటినీ తాకిన తీర్పు 2016 డిసెంబరు 15న వచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపల మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడు నుంచి కె.బాలు అనే న్యాయవాది, చండీగఢ్ నుంచి రోడ్డు భద్రత కోసం పనిచేసే 'అరైవ్ సేఫ్' సంస్థ నడిపిన కేసులు దాని వెనక ఉన్నాయి. ధర్మాసనంలో ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్.ఠాకూర్, జస్టిస్ డి.వై.చంద్రచూడ్‌తో పాటు మన తెలుగువారు జస్టిస్ లావు నాగేశ్వరరావు కూడా ఉన్నారు.

ఆ తీర్పులో చాలామందికి గుర్తులేని భాగం ఒకటుంది. షాపు దూరంగా ఉండటమే సరిపోదు, రహదారి మీద వెళ్లేవాడికి కనపడకూడదు. రహదారి నుంచి నేరుగా దారి ఉండకూడదు. ఫలానా చోట మద్యం దొరుకుతుందని చెప్పే బోర్డులు, ప్రకటనలు రహదారి వెంట ఉండకూడదు. లారీ డ్రైవరు బండి ఆపాలా వద్దా అని తేల్చుకునేది ఆ బోర్డు చూసే క్షణంలోనే కదా. 2015 ఒక్క సంవత్సరంలో దేశంలో 5 లక్షల రోడ్డు ప్రమాదాలు, 1.46 లక్షల చావులు. ఆ చావులన్నీ తాగి నడపడం వల్ల వచ్చినవి కావు. అయినా ఆ లెక్క ముందున్నప్పుడు రోడ్డు పక్క బోర్డుని చిన్న విషయం అనుకోలేం.

ఆ తర్వాత పట్టు సడలుతూ వచ్చింది. 2017 మార్చి 31న, 20 వేలు అంతకంటే తక్కువ జనాభా ఉన్న స్థానిక సంస్థల పరిధిలో 500 మీటర్లని 220కి తగ్గించారు. అయితే అదే రోజు బార్లకి, హోటళ్లకి కూడా ఈ నిషేధం వర్తిస్తుందని తేల్చారు. 2017 జులై 11న మున్సిపాలిటీల లోపలి షాపులకి తీర్పు అడ్డు కాదన్నారు. 2018 ఫిబ్రవరి 23న, పట్టణాలకి ఆనుకుని ఉన్న పంచాయతీల సంగతి రాష్ట్ర ప్రభుత్వాలే చూసుకోవచ్చన్నారు. ఈలోగా చండీగఢ్ లాంటి చోట్ల రహదారుల పేరే మార్చి స్థానిక రోడ్లని రాసేశారు. రోడ్డు అదే, బండ్లు అవే, కాగితం మీద మాత్రం అది హైవే కాదు. ఈ మార్పుల్లో మొదటి తీర్పు స్ఫూర్తి చాలావరకు ఆవిరైందన్నది నా అభిప్రాయం.

ఆరు వరసల పనిలో భాగంగా మన జంక్షన్‌కి బైపాస్ వచ్చింది. పెద్ద రహదారి జరిగితే కొలత మొదలయ్యే చోటూ జరుగుతుంది. పాత రోడ్డు పక్క ఊరివాళ్లూ, కొత్త రోడ్డు పక్క పొలాలవాళ్లూ ఇద్దరూ ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

✦

జంక్షన్‌కి ఇంకో చిక్కు ఉంది, అది జిల్లా సరిహద్దు. బాపులపాడు మండలం కృష్ణా జిల్లా. కాస్త ముందుకెళ్తే అప్పనవీడు, అది పెదపాడు మండలం, ఏలూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక నూజివీడు కూడా ఏలూరులోకి పోయింది. ఒక వైపు షాపు మీద అర్జీ బందరు కలెక్టరేటుకి వెళ్లాలి, రెండో వైపు షాపు మీద అర్జీ ఏలూరుకి వెళ్లాలి. ముందుగా షాపు ఏ మండలంలో ఉందో తెలుసుకుని రాయకపోతే కాగితం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

✦

ఎక్సైజు కాగితాల్లో "వైన్ షాపు" అనే మాట లేదు. మనం అలా పిలిచేది వాళ్ల భాషలో 'ఏ-4' షాపు, బారు '2బి'. 2019 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో ఈ షాపుల్ని ప్రభుత్వమే నడిపింది. ఐదేళ్ల తర్వాత మళ్లీ ప్రైవేటుకి ఇచ్చారు. 2024 అక్టోబరు 14న 3,396 షాపులకి లాటరీ తీశారు. దరఖాస్తు రుసుము 2 లక్షలు, షాపు తగలకపోయినా తిరిగి రాదు. అయినా 89,882 దరఖాస్తులు పడ్డాయి. సీసా ఒక్కటి అమ్మకముందే ఖజానాకి దాదాపు 1,797 కోట్లు వచ్చాయి. పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా షాపు తెరిచి ఉంచొచ్చు. రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు.

షాపు దగ్గరే కూర్చుని తాగే గదులు పర్మిట్ రూములు. 2019లో తీసేసిన వాటికి 2025 ఆగస్టులో మళ్లీ అనుమతి వచ్చింది. రోడ్డు మీద తాగడం తగ్గుతుందన్నది దాన్ని సమర్థించేవాళ్లు చెప్పే కారణం. అందులో కొంత నిజముంది. కానీ కొని ఇంటికి పోయే చోటుకీ, కూర్చుని తాగే చోటుకీ చాలా తేడా ఉంది. బడి వదిలే వేళకి ఆ వీధిలో నడిచే ఆడపిల్లని అడిగితే ఆ తేడా చెబుతుంది. బెల్టు షాపు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. దానికి లైసెన్సు లేదు, 100 మీటర్లూ లేవు, వేళా లేదు.

✦

టీవీలో మద్యం ప్రకటన మీరు ఎన్నడైనా చూశారా? చూడలేదనుకుంటారు. కేబుల్ టెలివిజన్ నియమాల్లో 7వది మద్యాన్ని, పొగాకుని నేరుగా గానీ చాటుగా గానీ ప్రోత్సహించే ప్రకటనల్ని నిషేధించింది. మరి ఆ సోడాలు, ఆ మంచినీళ్ల సీసాలు, ఆ పాటల సీడీలు ఎవరివి? అదే పేరు, అదే అక్షరాల తీరు, అదే రంగు. సోడా దొరకని ఊళ్లో కూడా సోడా ప్రకటన వినపడుతుందంటే, గుర్తుండాల్సింది సోడా కాదన్నమాట. ఐపీఎల్‌లో బెంగళూరు జట్టు పేరు కూడా రాయల్ ఛాలెంజ్ అనే విస్కీ పేరు మీద వచ్చిందే. మన పిల్లలు ఆ పేరు ఒంటి మీద వేసుకుని తిరుగుతున్నారు.

ఈ చాటు ప్రకటనల్ని 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలతో స్పష్టంగా నిషేధించింది. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. అందులో కనపడిన తారని ఏడాది పాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ప్రకటనల నుంచి దూరంగా ఉంచే అధికారమూ చట్టంలో ఉంది.

✦

ప్రకటనల్ని, షాపుల్ని ఆపిన ఊళ్లు బయటా ఉన్నాయి. అమెరికాలో బాల్టిమోర్ నగరం 1994లో ఇళ్లున్న పేటల్లో మద్యం హోర్డింగులు తీసేయాలని శాసనం చేసింది. బీరు కంపెనీ కోర్టుకెళ్లినా నగరమే నెగ్గింది. లాస్ ఏంజెలెస్ దక్షిణ భాగంలో 1992 అల్లర్లలో చాలా మద్యం దుకాణాలు తగలబడ్డాయి. వాటిని మళ్లీ కట్టొద్దని పేదల పేటలవాళ్లు పట్టుబట్టి ఎన్నో దుకాణాలు లేవకుండా చేశారు. ఆ పోరాటంలో ముందున్న 'కమ్యూనిటీ కోయలిషన్' అనే సంస్థని స్థాపించిన కరెన్ బాస్ 2022లో అదే నగరానికి మేయరుగా గెలిచారు.

విచిత్రమేమంటే, దాదాపు అదే రోజుల్లో ఇక్కడ నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠం వాళ్లని కదిలించింది. వాళ్లకి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్లలో సారాని ఊరూరికీ చేర్చిన రోజులవి. ఆ ఆడవాళ్ల పోరాటంతో 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. డెల్టాకి నిషేధం అప్పటికి కొత్త కాదు. మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1948 అక్టోబరు 2 నాటికే కృష్ణా జిల్లాలో కూడా మద్యనిషేధం అమల్లో ఉంది.

నిషేధం మళ్లీ రావాలా వద్దా అన్నది పెద్ద చర్చ. నేనడిగేది అంతకంటే చిన్నది: ఈ వీధిలో షాపు ఉండాలా వద్దా అన్న మాట ఆ వీధివాళ్లని అడగాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. 1996 నాటి పీసా చట్టం ఏజెన్సీ గ్రామాలకి ఆ హక్కు ఇచ్చింది. మన ఏలూరు జిల్లాలోనే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాల గ్రామసభలు మద్యం అమ్మకాన్ని ఆపమనో అదుపు చేయమనో చెప్పగలవు. మహారాష్ట్రలో నాలుగోవంతు ఓటర్లు గానీ నాలుగోవంతు మహిళా ఓటర్లు గానీ సంతకాలు పెడితే ఓటింగు జరుగుతుంది. సగానికి పైగా ఓటర్లు వద్దంటే షాపు మూయాల్సిందే. జీలుగుమిల్లి తల్లికి ఉన్న హక్కు బాపులపాడు తల్లికి లేదు.

✦

హక్కు వచ్చేదాకా ఉన్న నియమాన్ని వాడుకుందాం. మీ పిల్లల బడి గేటు నడిమధ్య నుంచి షాపు గుమ్మం దాకా నడిచే దారిలో టేపు పట్టి కొలవండి. 100 మీటర్లు రాకపోతే ఫొటో తీసి, మండలం పేరు, కొలత రాసి, పదిమంది సంతకాలతో సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. ఒక కాపీ ఎక్సైజు స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీ మీద మొదటి సంతకం బడికి రోజూ పిల్లని దింపే అమ్మ చేత పెట్టించండి.