ఫైలు పొడిగింపు

ఫైలు పొడిగింపు అనగా కంప్యూటరు ఫైలు పేరులో చివరి చుక్క తరువాత వచ్చే కొద్దిపాటి అక్షరాలు. దీనినే ఫైల్ ఎక్స్‌టెన్షన్ అని కూడా అంటారు. ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవాలో విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థలు ప్రధానంగా దీనిని బట్టే నిర్ణయిస్తాయి. సాదా పాఠ్యానికి టీఎక్స్‌టీ, ఛాయాచిత్రాలకు జేపీజీ, పాటలకు ఎంపీ3 సుపరిచితమైనవి. పేరు మార్చేటప్పుడు ఈ భాగం చెరిగిపోతే ఫైలు మామూలుగా తెరుచుకోదు. అయితే లోపలి సమాచారం చెక్కుచెదరదు; పాత పొడిగింపును తిరిగి చేర్చితే సరిపోతుంది.

చరిత్ర

గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీ/ఎం వ్యవస్థలో పేరుకు 8, పొడిగింపుకు 3 అక్షరాలు కేటాయించారు. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ కూడా ఇదే పద్ధతిని అనుసరించింది. విండోస్ 95తో పొడవైన పేర్లు సాధ్యమైనా మూడక్షరాల అలవాటు చాలావరకు నిలిచిపోయింది. పాత మాకింటాష్‌లలో ఫైలు రకాన్ని పేరుతో సంబంధం లేకుండా విడిగా నాలుగక్షరాల సంకేతంగా భద్రపరిచేవారు. అందువలన అక్కడ పేరు ఎలా మార్చినా చిక్కు ఉండేది కాదు.

పేరు మార్చు విధానం

విండోస్ తనకు తెలిసిన పొడిగింపులను సాధారణంగా దాచి ఉంచుతుంది. అటువంటప్పుడు పేరు మాత్రమే టైపు చేయాలి. "పెళ్ళి.జేపీజీ" అని పూర్తిగా టైపు చేస్తే అసలు పేరు "పెళ్ళి.జేపీజీ.జేపీజీ" అవుతుంది. పొడిగింపులు కనిపించే అమరికలో విండోస్ ఎక్స్‌పీ వరకు ఎఫ్2 మీట నొక్కగానే పేరు మొత్తం ఎంపికయ్యేది. కొత్త పేరు టైపు చేయగానే పొడిగింపు పోయేది. ఫైలు పనికిరాకుండా పోవచ్చని హెచ్చరిక వచ్చినా, చదవకుండానే అవునని నొక్కేవారే ఎక్కువ. విస్టా నుండి చివరి చుక్కకు ముందున్న భాగం మాత్రమే ఎంపికవుతున్నది. పొరపాటు జరిగిన వెంటనే కంట్రోల్, జడ్ మీటలను కలిపి నొక్కితే పాత పేరు తిరిగి వస్తుంది.

పొడిగింపు మార్చినంత మాత్రాన ఫైలు రకం మారదు. బీఎంపీ చిత్రానికి జేపీజీ అని పేరు పెట్టినా లోపల ఉన్నది బీఎంపీయే. పొడిగింపు పోయిన ఫైలు రకం గుర్తులేకపోతే దానిని పాఠ్య సంపాదకంలో తెరిచి మొదటి అక్షరాలు చూడవచ్చు. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతోను, ఆ వెంటనే పీడీఎఫ్ అన్న అక్షరాలతోను మొదలవుతుంది. జిప్ ఫైలు మొదట పీకే అని ఉంటుంది. ఇవి దాని రూపకర్త ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. డాక్స్ పత్రాలు కూడా లోపల జిప్ ఫైళ్ళే కనుక వాటిలోనూ ఇవే కనిపిస్తాయి. యూనిక్స్‌లోని "ఫైల్" ఆదేశం ఇటువంటి గుర్తుల ఆధారంగానే రకాన్ని చెబుతుంది.

భద్రత

పొడిగింపులను దాచడం వలన పెద్ద ప్రమాదమే జరిగింది. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుండి వ్యాపించిన ఐలవ్‌యూ వైరస్ ఈమెయిలు జోడింపుగా వచ్చేది. ఆ ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ, దాని తరువాత వీబీఎస్ ఉండేవి. వీబీఎస్ కనిపించకపోవడంతో ప్రజలు దానిని ప్రేమలేఖ అనుకుని తెరిచారు. నిజానికి అది ఒక ప్రోగ్రాము.

తెలుగు పేర్లు

యూనికోడ్ వలన ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. అయితే లైనక్సులో వాడే ఎక్స్‌ట్4 వ్యవస్థలో పేరుకు 255 బైట్ల పరిమితి ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి. "తెలుగు" అన్న పదానికే 18 బైట్లు కావాలి. పొడిగింపు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇక్కడ పొడిగింపులను ఉచ్చారణను బట్టి తెలుగులో రాసినా, కంప్యూటరులో వాటిని ఆంగ్ల అక్షరాలలోనే ఉంచాలి.